ఐదంగుళాల తెర

ఆ వేసవి మొదటి ఆదివారం మా మామయ్యగారు పడవను నల్లరాళ్ళకు గుద్దారు. ఆయన మాత్రం గుద్దానని ఒప్పుకోలేదు. నీటి ఈడ్పు తోసిందన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు రేవు దాటించే లాంచీకి సరంగుగా చేసి, ఆ రాళ్ళ పక్కనుంచే రోజుకు పదహారు సార్లు పోయి వచ్చిన మనిషిని ఒక్క ఆదివారం పొద్దున ఈడ్పు తోసేసిందట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. నేను పడవ ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఈడ్పు లేదు, గాలి లేదు, నీళ్ళు తొట్టిలో నీళ్ళలా ఉన్నాయి. రాళ్ళు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయి. సరంగుకు కోడలు దారి చెప్పడమేమిటని నోరెత్తలేదు. ఆ తప్పు నాది.

పడవంటే పెద్దదేం కాదు. పద్దెనిమిది అడుగుల ఫైబర్ పడవ, వెనక చిన్న మోటారు, పైన ఎండకు గుడ్డ పందిరి. చేపలకూ కాదు, సరుకులకూ కాదు, ఊరికే తిరగడానికి రిటైరైన ఏడాది కొనుక్కున్నారు. "ఇన్నేళ్ళూ వాళ్ళు చెప్పిన టైముకి నీళ్ళ మీదికెళ్ళాను. ఇక నాకు బుద్ధి పుట్టినప్పుడు వెళ్తాను" అనేవారు. మా ఆయన సరంగు కొడుకే కానీ, పడవ పేరెత్తితే చాలు కడుపులో తిప్పుతుంది. అందుకని ఆదివారాలు మామయ్యతో వెళ్ళేది నేను. తాడు విసరడం, తాడు అందుకోవడం, మధ్యలో ఫ్లాస్కులో టీ పొయ్యడం, ఇదీ నా ఉద్యోగం.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన విషయం తేల్చేశాడు.

"నాన్నా, ఇంకొక్కసారి ఎక్కడైనా తగిలిందంటే పడవ అమ్మేద్దాం. మన వీధి పళ్ళ డాక్టరు ఎప్పటినుంచో కొంటానని అడుగుతున్నాడు. నా పెళ్ళాం కూడా అందులోనే ఉంటోంది, అది గుర్తుపెట్టుకో."

మామయ్య కంచం మీదనుంచి తల ఎత్తలేదు. "అమ్మడం దేనికి? మ్యాపు డబ్బా ఒకటి కొనిపెట్టండి. అందరి పడవల్లోనూ ఉంది."

అత్తయ్యతో సహా ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చార్ట్‌ప్లాటర్ అంటారు దాన్ని. పడవ ఎక్కడుందో, ముందు రాయుందో ఇసుక తిప్పుందో, కింద నీళ్ళెంత లోతో పటం మీద చూపించే పెట్టె. డబ్బా చూసి నడిపేవాడు సరంగు కాదు, డ్రైవరని పదేళ్ళుగా వెక్కిరించిన మనిషి, నోరు తెరిచి అదే డబ్బా అడిగారు.

"దానికేం, కొనిద్దాం" అంది అత్తయ్య, అందరికంటే ముందు.

కొనే పని నా నెత్తిన పడింది. నేను పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ విభాగంలో చేస్తాను. మూడు కొటేషన్లు లేనిదే మేకు కూడా కొనను. బజారులో ఉల్లిపాయలకు కూడా మూడు కొట్లు తిప్పుతానని మా ఆయన ఫిర్యాదు. అది నిజమే.

వారం రోజులు ఆఫీసులో మధ్యాహ్నం విరామమంతా దీనికే పెట్టాను. తేలిందేమిటంటే, ఈ డబ్బాల ధర తెరను బట్టి ఉంటుంది. ఐదంగుళాలది మామూలు మనుషులు కొనగలిగేది. ఏడంగుళాలది కొని నాలుగు రోజులు బాధపడేది. తొమ్మిదంగుళాలది కొంటే ఇంట్లో ఏడాదంతా దాని గురించే మాట్లాడుకోవాలి. వేలితో తాకితే పనిచేసేవి చూడ్డానికి బాగుంటాయి కానీ, చెయ్యి తడిగా ఉంటే చెప్పిన మాట వినవు. బొత్తాలున్నవే నయం. లోతు కొలిచే సెన్సారు కొన్నింటికి పెట్టెలోనే వస్తుంది, కొన్నింటికి విడిగా కొనాలి. అన్నిటికంటే పెద్ద మెలిక పటం దగ్గర. చవక డబ్బాలో తీరం గీత మాత్రమే ఉంటుంది, మిగతా అంతా ఉత్త నీలం. రాళ్ళూ, తిప్పలూ, లోతులూ కనబడాలంటే కార్డు వేరే కొనాలి. ఆ కార్డు ధర ఇంచుమించు డబ్బాకు దగ్గర్లో ఉంటుంది.

"ఇదంతా ఎందుకు? నా పాత ఫోను ఉందిగా. అందులో మ్యాపు పెట్టిస్తా" అన్నాడు మా ఆయన.

"ఎండలో అరగంటకు కాలిపోయి ఆగిపోతుంది" అన్నాను.

"ఆగితే ఆగుతుంది. అసలు లేకపోవడం కంటే నయమేగా. గుడ్డికన్నా మెల్ల మేలు, ఏం నాన్నా?"

మామయ్య సగం తాగిన టీ గ్లాసు అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయారు. చిన్న ఫోనుతో సరిపెడుతున్నామని కోపం వచ్చిందనుకున్నాం. ఆ మధ్య ఆయన తీరే అలా ఉండేది. ఎవరితో మాట్లాడినా మొహం కాస్త పక్కకు తిప్పి, మన చెవి వైపు చూస్తూ మాట్లాడేవారు. రిటైరయ్యాక పొగరు పెరిగిందని మా ఆయన నవ్వేవాడు.

అదే వారం అత్తయ్య మెట్ల అంచులకు తెల్లరంగు వేసింది. గేటు గొళ్ళేనికి ఎర్రగుడ్డ కట్టింది. ఇల్లు విమానాశ్రయంలా ఉంది, ఇక విమానమే తక్కువ అని కొడుకు ఏడిపిస్తే, "నా ఇల్లు, నా రంగు, నువ్వు నోరు మూసుకో" అంది.

పడవ సామాన్లు అమ్మే కొట్లు మా దగ్గర మూడే. మొదటి రెండింటికీ నేనొక్కదాన్నే వెళ్ళి ధరలు రాసుకొచ్చాను. మూడోదానికి మామయ్య కూడా బయల్దేరారు. ఆ కొట్టాయన్ని అందరూ గ్యారంటీ అంటారు. ఏ వస్తువు పట్టుకున్నా "గ్యారంటీ అమ్మా" అనే మాట ముందొస్తుంది. ఆ మాట బిల్లు మీద రాయమంటే మాత్రం పెన్ను దొరకదు. మామయ్య లాంచీలో అతను కుర్రతనంలో రోజూ కాలేజీకి వెళ్ళేవాడట. అందుకని ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండి సరంగుగారూ! మీరొచ్చారంటే తొమ్మిదంగుళాలదే. కిందిది మీ స్థాయికి తగదు, గ్యారంటీ."

"నేనూ అదే అంటున్నాను. పెద్దదే కావాలి. ఎంత పెద్దదైతే అంత" అన్నారు మామయ్య.

"ధర చెప్పండి ముందు" అన్నాను.

ధర చెప్పాడు. నేను కుర్చీ వెతుక్కున్నాను.

"నా పింఛను నాలుగు నెలలది పెట్టు. నా పడవ, నా కళ్ళెదుట ఉండేది. నీకెందుకు బాధ?" అన్నారు మామయ్య. అంత విసురుగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

గ్యారంటీ బల్ల మీదున్న పెద్ద తెర వెలిగించాడు. పటం వచ్చింది. చిన్న పడవ బొమ్మ దానంతటదే కదులుతోంది. రంగులు, గీతలు, అంకెలు, అరచేతిలో వైకుంఠమే. మామయ్య ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు. తల కాస్త ఎడమకు తిప్పారు, మళ్ళీ కుడికి తిప్పారు. ఆ తర్వాత నిటారుగా నిలబడి, వేలు పెట్టి నాకు చూపించడం మొదలుపెట్టారు.

"చూశావా అమ్మాయ్, ఎంత బాగా చూపిస్తోందో! ఇది మన రేవు నోరు. ఇదిగో, ఇది దీపస్తంభం. ఇక్కణ్ణుంచి ఇలా కిందికొస్తే ఇవే నల్లరాళ్ళు. ఇంత స్పష్టంగా ఉంటే ఇంకెందుకు తగుల్తుంది చెప్పు?"

ఆ తెర మీద ఉన్నది మా రేవు కాదు. కొట్లో చూపించడానికి కంపెనీవాళ్ళు పెట్టిన నమూనా. ఎక్కడో పెద్ద నగరం, పది రేవులు, ముప్ఫై వంతెనలు. నమూనా అని పైన బెత్తెడు ఎర్ర అక్షరాలతో రాసే ఉంది. మామయ్య నల్లరాళ్ళని వేలు ఆనించిన చోట పడవలకు పెట్రోలు పోసే బంకు బొమ్మ ఉంది.

గ్యారంటీ నోరు తెరిచాడు. నేను అతని వైపు చూశాను. తెరిచిన నోరు మూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఆ మనిషి సరుకు గురించి చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

"బాగుంది మామయ్యా. ఇంకో రెండు రోజులు ఆలోచించుకుని కొందాం" అన్నాను.

ఇద్దరం ఇంటికొచ్చాం. ఆయన్ని నమ్మి ఆదివారాలు నీళ్ళ మీద తిరిగినందుకు భయం వేసింది. ఆ వేలు పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి. అత్తయ్య మెట్ల మీద కూర్చుని మిగిలిన రంగుతో ఆఖరి మెట్టు అంచు దిద్దుతోంది. ఆ తెల్లగీత చూశాక, మీకు తెలుసా అని అడగాల్సిన పని లేకపోయింది.

"ఎప్పటినుంచి అత్తయ్యా?"

కుంచె ఆపకుండా చెప్పింది. "ఏడాదైంది. డాక్టరు దగ్గరికి ఒక్కరే వెళ్ళొచ్చారు. చీటీ చొక్కా జేబులో దొరికింది నాకు. చూపు నడిమధ్యలో పోతోందట. ఎటు చూస్తే అటే మసక, పక్కనంతా బానే ఉంటుందట. ఇక బాగయ్యేది కాదన్నారట. పక్కది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారట."

"ఆయనకి తెలుసా, మీకు తెలుసని?"

"తెలీదు. నాకు తెలీదని ఆయన సంతోషం. ఆ సంతోషం ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నా. నాకు తెలుసని చెప్తే నీ మొగుడికి తెలుస్తుంది. తెలిస్తే పడవ అమ్మేస్తాడు. వాడిదీ తప్పు కాదు. పడవ పోయాక ఈ మనిషిని ఏం చేసుకోవాలే నేను?"

"అత్తయ్యా, ఆ పడవలో నేనూ ఉన్నాను."

అప్పుడు కుంచె కింద పెట్టింది. "ఉన్నావు. అదొక్కటే నాకు ఏడాదిగా నిద్ర పట్టనివ్వలేదు" అంది, రంగు చేత్తోనే కళ్ళు తుడుచుకుని. చెంప మీద తెల్లచార పడింది. పడవ ఆయనతో ఉండాలి, నడపడం మాత్రం ఆయన చేతిలో ఉండకూడదు. అది ఆయనకి చెప్పేదెలా?

రెండు రోజుల తర్వాత ఒక్కదాన్నే గ్యారంటీ దగ్గరికి వెళ్ళాను. ఐదంగుళాలది, బొత్తాలున్నది, సెన్సారు పెట్టెలోనే వచ్చేది ఇమ్మన్నాను.

"కార్డు?"

"వద్దు."

"కార్డు లేకపోతే ఇది ఉత్త డబ్బా అమ్మా. తీరం గీత తప్ప ఏమీ ఉండదు. మీరెంత కొసరాడినా నేను చెప్పే మాట ఇదే."

"గుర్తులు మనం పెట్టుకోవచ్చుగా?"

"ఎన్నైనా పెట్టుకోవచ్చు. కానీ పటం ఉండాలిగా?"

"పటం మా ఇంట్లో ఉంది" అన్నాను.

నా మొహం చూసి, అడక్కుండానే ధర తగ్గించాడు. బిల్లు మీద గ్యారంటీ అని తన చేత్తో రాసిచ్చాడు.

ఆదివారం పొద్దున పడవలోనే పెట్టె విప్పాను. మామయ్య చుక్కాని పక్కన తన సీట్లో కూర్చుని చేతులు చాపారు. డబ్బా చేతిలో పెట్టాను. బొటనవేళ్ళతో ఈ చివర్నుంచి ఆ చివరికి తడిమారు.

"ఇదేంటి? ఐదా?"

"ఐదే."

"నేను తొమ్మిది అడిగాను."

"చూసేది నేనే కదా మామయ్యా. నాకు ఐదు చాలు."

పక్క పడవ తాడు కిర్రు కిర్రుమంటోంది. ఆయన డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నారు. నేను సెన్సారు తీగ చుట్ట విప్పుతూ కూర్చున్నాను. అది నాలుగు మూరల తీగ. మొత్తం విప్పి, మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పాను.

"మీ అత్త చెప్పిందా?" అన్నారు చివరికి.

"మీరే చెప్పారు. కొట్లో. నల్లరాళ్ళు చూపించారుగా, అది మన రేవు కాదు మామయ్యా. వేరే ఎక్కడిదో నమూనా పెట్టారు."

"అయితే నేను వేలు పెట్టిన చోట ఏముంది?"

"పెట్రోలు బంకు."

ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని లేచాను. నవ్వుతున్నారు. "పెట్రోలు బంకా!" అంటూ పొట్ట పట్టుకుని, పడవ ఊగేంతగా నవ్వారు. నవ్వు అయిపోయినా కళ్ళలోంచి నీళ్ళు ఆగలేదు. తువ్వాలుతో మొహం ఒత్తుకుని, చుక్కాని దగ్గర్నుంచి లేచి, పడవ అంచు పట్టుకుంటూ వచ్చి, ఎప్పుడూ నేను కూర్చునే ముందు బల్ల మీద కూర్చున్నారు.

"తాడు విప్పేది ఎవరు? నేనేనా ఇక?" అన్నారు.

"మీరే. టీ కూడా మీరే పొయ్యాలి."

ఆ పొద్దున నాకు చుక్కాని పట్టడం నేర్పారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకుతో ఆయనే చెప్పేశారు. "నాకు కళ్ళు కనబడట్లేదు. ఏడాదైంది. పడవ ఇప్పుడు నీ పెళ్ళాం నడుపుతోంది. అమ్ముతానంటే దాన్నడుగు." మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడాదిగా ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాడు. గుడ్డికన్నా మెల్ల అన్నాను కదా అని గుర్తొచ్చి అన్నం వదిలేసి లేచిపోయాడు. మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. అక్కడా అదే మాట చెప్పారు.

అప్పట్నుంచి వేసవంతా పటం నింపాం. ఆయన పద్ధతి ఇదీ. ఒడ్డు మీద రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా కలిసినచోట పడవ ఒక గీత మీద ఉన్నట్టు. ఇంకో వైపు ఇంకో రెండు కలిస్తే, గీతలు కలిసిన చోట రాయో తిప్పో ఉన్నట్టు. ముప్ఫై నాలుగేళ్ళ గీతలన్నీ ఆయన తలలో ఉన్నాయి. చూడ్డానికి కళ్ళు నావి.

"మిల్లు పొగగొట్టం దీపస్తంభం వెనక్కి వెళ్ళిందా?"

"ఇంకా లేదు... ఇప్పుడు వెళ్ళింది."

"కుడి పక్క చూడు. నీళ్ళ ట్యాంకు కింద ఎర్రకప్పు ఇల్లొచ్చిందా?"

"ఎర్రకప్పు ఇల్లు లేదు మామయ్యా."

"లేకపోవడమేంటి?" ఆయన బల్ల మీంచి సగం లేచారు. "సరిగ్గా చూడు. ఉండాలి."

కళ్ళు చికిలించి వెతికాను. "ఆకుపచ్చ కప్పుది ఉంది. రంగు మార్చారేమో."

"హమ్మయ్య. మాకు చెప్పకుండా మార్చేస్తారా! సరే, మోటారు ఆపి లోతు చూడు."

డబ్బా మీటరున్నర చూపించింది. చుట్టూ ఆరు మీటర్లు. తిప్ప ఆయన చెప్పిన చోటే ఉంది. బొత్తాం నొక్కి గుర్తు పెట్టాను. ప్రతి గుర్తుకూ పేరు ఆయనదే. లాంచీ పెళ్ళివారితో సహా మూడు గంటలు ఇరుక్కున్న చోటు పెళ్ళి తిప్ప. టిక్కెట్లు కొట్టే అతని టోపీ ఎగిరిపోయిన చోటు టోపీ మడుగు. రెండుచోట్ల మాత్రం ఇసుక జరిగిపోయింది. ఆయన లోతన్న చోట మోకాలి లోతు కూడా లేదు. "నేను ముసలాణ్ణైతే ఇసుక అక్కడే కూర్చుంటుందా" అని కొత్త చోటు వెతికించారు. వేసవి ముగిసేసరికి నీలం తెర మీద నలభై ఆరు గుర్తులు పడ్డాయి. నల్లరాళ్ళకు మాత్రం గుర్తు పెట్టలేదు. అటు వెళ్ళినప్పుడల్లా "అవి ఎవరికైనా కనబడతాయిలే" అని మాట తప్పించేవారు. నేను రెట్టించలేదు.

ఆఖరి ఆదివారం అందరం బయల్దేరాం. మా ఆయన వాంతుల మాత్ర వేసుకుని, రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, పెళ్ళినాటికంటే ఎక్కువ భయంగా కూర్చున్నాడు. అత్తయ్య గొడుగు వేసుకుంది. దీపస్తంభం దాకా నేనే నడిపాను. మా ఆయన నా భుజం మీదుగా తెర చూస్తూ కూర్చున్నాడు. ఏడాదిగా సరిగా నిద్రపోని అత్తయ్య పడవలో కునుకు తీసింది.

తిరిగొచ్చేటప్పుడు రేవు నోటి దగ్గర మామయ్య చెయ్యెత్తారు.

"ఇక్కడ వేగం తగ్గించు అమ్మాయ్. నల్లరాళ్ళు ఎంత దూరం?"

"ముప్ఫై గజాలుంటాయి."

"ఇంకాస్త దగ్గరికి పోనీ. చాలు. గుర్తు పెట్టు."

బొత్తాం నొక్కాను. "పేరేం పెట్టను? నల్లరాళ్ళనేనా?"

మామయ్య మొహం నా చెవి వైపు తిప్పారు, అంటే నన్ను చూస్తున్నారన్నమాట. మా ఆయనా వింటున్నాడు, అత్తయ్యకు మెలకువ వచ్చింది.

"కాదు. నేను గుద్దిన రాయి అని పెట్టు. ఈడ్పూ లేదు, ఏమీ లేదు. నాకు కనబడలేదు. అది కూడా రాసెయ్."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. సగంలోనే గడి నిండిపోయింది.

"అంతా పట్టదు మామయ్యా. చోటు లేదు."

"ఎందుకు పడుతుంది?" అన్నారు, ఫ్లాస్కు మూత తిప్పి నాకు టీ పోస్తూ. "తొమ్మిది అడిగితే ఐదు కొన్నావు."